కృష్ణా డెల్టా ఎండకు పలచని పలక నప్పుతుందా?

మే నెల మధ్యాహ్నం విజయవాడలో గాలి 42 డిగ్రీలు ఉన్నప్పుడు డాబా మీది సోలార్ పలక 72 డిగ్రీల దాకా కాగుతుంది. తన మీద పడిన ఎండలో అయిదో వంతుకు కాస్త అటూ ఇటుగా మాత్రమే అది కరెంటుగా మార్చగలదు, మిగిలిందంతా వేడే. ఆ వేడికి పలక నీరసిస్తుంది. పలక వెనక స్టిక్కరు మీద ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర ప్రయోగశాలలో కొలిచినవి. కాబట్టి ఊళ్ళో ఏసీలన్నీ ఒక్కసారిగా తిరిగే గంటల్లోనే, ఎండ నిండుగా కాసే గంటల్లోనే, పలక తన మీద రాసి ఉన్నంత కరెంటు ఇవ్వదు.

దీనికి మందు థిన్‌ఫిల్మ్ అని పదిహేనేళ్ళుగా వింటున్నాం. మామూలు పలకల్లో ఉండే మందపాటి సిలికాన్ బిళ్ళలకు బదులు, గాజు మీద రెండు మూడు మైక్రాన్ల పొర పూసి చేసే పలకలు ఇవి. వేడికి తక్కువ కుంగుతాయి, మబ్బులోనూ బాగా పనిచేస్తాయి, ముడిసరుకు చాలా తక్కువ పడుతుంది అన్నది వాటి తరఫు వాదన. ఈ మూడింటిలో నిజం ఉంది. అయినా విజయవాడలో ఏ వీధిలో డాబా ఎక్కి చూసినా కనిపించేవి సిలికాన్ పలకలే. ఎందుకిలా జరిగిందో, ఇకముందు కూడా ఇలాగే ఉంటుందో తేల్చుకోవాలంటే భౌతికశాస్త్రంతో పాటు జమాఖర్చులూ చూడాలి. డెల్టా వాతావరణానికి ఈ లెక్కలో ప్రత్యేకమైన చోటు ఉంది. దాన్ని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు పలక ఎలా తయారవుతుందో చూద్దాం. సిలికాన్ దారి పొడవైనది. ఇసుక జాతి ఖనిజాన్ని కొలిమిలో కరిగించి సిలికాన్ తీయాలి. దాన్ని వాయువుగా మార్చి శుద్ధి చేసి, మళ్ళీ కరిగించి దిమ్మగా పెంచాలి. ఆ దిమ్మను వజ్రపు పొడి అద్దిన తీగలతో 130 నుంచి 180 మైక్రాన్ల మందాన బిళ్ళలుగా కోయాలి. ఒక్కో బిళ్ళనూ సెల్‌గా మార్చి, సెల్స్‌ను రాగి తీగలతో కలిపి, గాజుకింద అతికించాలి. సాధారణంగా ఇదంతా నాలుగు వేరువేరు ఫ్యాక్టరీల పని. థిన్‌ఫిల్మ్‌లో గాజు ఒక చివర లోపలికి వెళ్తే కొన్ని గంటల్లో రెండో చివర పూర్తయిన పలక బయటికొస్తుంది. ఇవాళ మార్కెట్లో నిలిచిన థిన్‌ఫిల్మ్ పదార్థం ప్రధానంగా కాడ్మియం టెల్యూరైడ్. దాన్ని ఆవిరి చేసి, దాదాపు 600 డిగ్రీల దాకా కాగిన గాజు మీదికి పంపుతారు. ఆత్రేయపురంలో పూతరేకు తీసేవాళ్ళు బోర్లించిన వేడి కుండ మీద పిండి తడి గుడ్డను ఒక్కసారి అలా లాగగానే పొర కట్టినట్టు, ఆవిరి గాజును తాకగానే పొర కడుతుంది. తేడా ఏమిటంటే పూతరేకును కుండ మీంచి తీసేస్తారు, ఇక్కడ పొర గాజుకే అంటిపెట్టుకుని పాతికేళ్ళు ఉండాలి.

పొర పడ్డాక చేసే పని ఇంకా ముచ్చటైనది. పలకంతా ఒకే పొర కాబట్టి అలాగే వదిలేస్తే అది ఒకే పెద్ద సెల్ అవుతుంది. దాన్నుంచి ఒక వోల్టు కూడా రాదు. అందుకని లేజర్‌తో పొరను సన్నటి నిలువు పట్టీలుగా గీస్తారు. ఒక్కో పొర పడ్డాక ఒక్కో గీత, ఒకదాని పక్కన ఒకటిగా మొత్తం మూడు గీతలు. దాంతో ఒక పట్టీ పైభాగం పక్క పట్టీ అడుగుభాగానికి కలిసి, 260కి పైగా పట్టీలు వరస సెల్స్‌గా మారతాయి. రాగి తీగలు అతికించే పని చాలావరకు తప్పుతుంది. నల్లటి పలకను దగ్గరనుంచి చూస్తే వెంట్రుకలాంటి గీతలు వరసగా కనిపిస్తాయే, అవి ఇవే.

సిలికాన్ పొర ఇంత పలచన ఎందుకు కాలేదన్న సందేహం రావచ్చు. వెలుగును పట్టుకోవడంలో సిలికాన్ మందకొడి. కాంతికణం చాలా లోతుకు చొచ్చుకుపోతే తప్ప చిక్కదు. కాడ్మియం టెల్యూరైడ్, రాగి-ఇండియం-గాలియం-సెలీనియం మిశ్రమం (సీఐజీఎస్) లాంటివి ఒకటి రెండు మైక్రాన్లలోనే దాదాపు అంతా మింగేస్తాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, అందులో ముప్పయ్యో వంతు పొర చాలన్నమాట.

ధర దగ్గర తిరగబడిన కథ

2008లో థిన్‌ఫిల్మ్ పెట్టుబడిదారుల కంటికి బంగారంలా కనిపించింది. కారణం సిలికాన్ కరువు. శుద్ధి చేసిన పాలీసిలికాన్ కిలో ధర ఆ ఏడాది విడి మార్కెట్లో 400 డాలర్లు దాటింది. ముడిసరుకు అంత ప్రియమైనప్పుడు వందోవంతు పదార్థంతో పని కానిచ్చే పలక గెలవాల్సిందే కదా. అమెరికన్ కంపెనీ ఫస్ట్ సోలార్ తన తయారీ ఖర్చు వాట్‌కు ఒక డాలర్ లోపుకు దిగిందని 2009లో ప్రకటించింది. పలకల పరిశ్రమలో అంతకుముందు ఎవరూ ఆ మెట్టు దిగలేదు.

హైదరాబాద్ కూడా ఆ గాలిలో ఉంది. 2006లో చిప్పుల తయారీ కోసం నగర శివార్లలో తలపెట్టిన ఫ్యాబ్ సిటీలో చిప్పుల ఫ్యాక్టరీ రాకపోయేసరికి సోలార్ కంపెనీలకు తలుపులు తెరిచారు. ఢిల్లీ పక్కన మోజర్ బేర్ సంస్థ అమార్ఫస్ సిలికాన్ అనే మరో రకం థిన్‌ఫిల్మ్‌కు పెద్ద యంత్రాలు తెప్పించింది. అమార్ఫస్ సిలికాన్ మన చేతి క్యాలిక్యులేటర్ల మీద ఉండే చిన్న ఊదారంగు పట్టీ. దానికి పుట్టుకతోనే ఒక జబ్బు. ఎండ తగిలిన మొదటి నెలల్లోనే దాని శక్తి గణనీయంగా పడిపోతుంది. స్టేబ్లర్, రాన్స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 1977లోనే దీన్ని కనిపెట్టి చెప్పారు.

తర్వాత నాలుగేళ్ళలో చైనాలో పాలీసిలికాన్ ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. 2012 చివరికి కిలో ధర 20 డాలర్ల లోపుకు పడింది. 400 ఎక్కడ, 20 ఎక్కడ! థిన్‌ఫిల్మ్ వ్యాపారం నిలబడ్డ నేలే కుంగిపోయింది. 2011లో అమెరికాలో థిన్‌ఫిల్మ్ కంపెనీ సోలిండ్రా దివాలా తీసింది. అక్కడి ప్రభుత్వం పూచీ పడ్డ 53 కోట్ల 50 లక్షల డాలర్ల అప్పు ఆ దేశంలో రాజకీయ రచ్చ అయింది. మరుసటి ఏడాది అబౌండ్ సోలార్, ఆ తర్వాత నానోసోలార్ మూతపడ్డాయి. జపాన్‌లో సీఐజీఎస్‌ను 23 శాతం సామర్థ్యం దాటించిన సోలార్ ఫ్రాంటియర్ కూడా చివరికి ఆ పలకల తయారీ మానుకుంది. మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది. వీళ్ళలో చాలామంది శాస్త్రం తప్పి ఓడిపోలేదు. పోటీలో ఉన్న పలక ధర వాళ్ళ ఊహకు అందనంత కిందికి పోవడంతో ఓడిపోయారు.

మన దేశంలో ఇదే సమయంలో ఒక విచిత్రం జరిగింది. 2010 జనవరిలో మొదలైన జాతీయ సౌరశక్తి మిషన్ తొలి దశలో, సిలికాన్ పలకలు వాడితే అవి స్వదేశీవై ఉండాలని నిబంధన పెట్టారు. థిన్‌ఫిల్మ్‌కు ఆ షరతు లేదు. దానికి తోడు అమెరికన్ ఎగ్జిమ్ బ్యాంకు తమ దేశపు పలకలు కొంటే చవక వడ్డీకి అప్పు ఇచ్చింది. ఇంకేముంది, ప్రపంచమంతా సిలికాన్ వైపు తిరుగుతుంటే మన మిషన్ తొలి దశ ప్లాంట్లలో సగానికి పైగా థిన్‌ఫిల్మ్ వచ్చి కూర్చుంది. స్వదేశీ పరిశ్రమను కాపాడాలని పెట్టిన నిబంధన విదేశీ పలకకే దారి వేసింది. ఆ స్వదేశీ నిబంధన మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కి 2016లో గెలిచింది కూడా.

యూనిట్ ధర ఎలా పడిందో చూడండి. 2010 డిసెంబరు టెండర్లలో యూనిట్‌కు 11, 12 రూపాయలు పలికింది. 2015 నవంబరులో కర్నూలు సోలార్ పార్కుకు ఎన్‌టీపీసీ పిలిచిన టెండరులో సన్ఎడిసన్ 4 రూపాయల 63 పైసలకు ఇస్తానంటే దేశం నోరు వెళ్ళబెట్టింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కుకు 3 రూపాయల 15 పైసలు. అంత కింది ధరలో పలక మీద ఆదా చేయగలిగే పైసలు చాలా కొద్ది. నేల, ఇనుము, కూలి, తీగలు, వడ్డీ, ఇవే బిల్లులో పెద్ద వాటాలు. ఇక్కడే సామర్థ్యం అనే సంగతి డబ్బుగా మారుతుంది. తక్కువ సామర్థ్యం ఉన్న పలకైతే అదే కరెంటుకు ఎక్కువ పలకలు, వాటిని మోయడానికి ఎక్కువ ఇనుము, ఎక్కువ నేల కావాలి. పలక ఉచితంగా ఇచ్చినా ఆ ఖర్చు తప్పదు.

వేడి లెక్క

ఇక మొదట చెప్పిన వేడి సంగతి. 2010 నాటి సిలికాన్ పలక 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.45 శాతం చొప్పున కుంగేది. అప్పటి కాడ్మియం టెల్యూరైడ్ పలక 0.25 శాతమే. 72 డిగ్రీల దగ్గర, అంటే 47 డిగ్రీలు పెరిగాక, సిలికాన్ 21 శాతం పోగొట్టుకుంటే థిన్‌ఫిల్మ్ 12 శాతం పోగొట్టుకునేది. బెజవాడ వేసవికి ఇది చిన్న తేడా కాదు.

కానీ ఆ అంకెలు ఇవాళ్టివి కావు. సిలికాన్ సెల్ నిర్మాణం మారుతూ వచ్చింది. ఇవాళ టాప్‌కాన్ అనే రకం డిగ్రీకి 0.29, 0.30 దగ్గర ఉంది. మరోవైపు కాడ్మియం టెల్యూరైడ్ సామర్థ్యం పెంచే క్రమంలో దాని అంకె 0.28 నుంచి 0.32 మధ్యకు చేరింది. అదే 72 డిగ్రీల దగ్గర రెండూ 13 నుంచి 15 శాతం దాకా పోగొట్టుకుంటాయి. సామర్థ్యంలో మాత్రం టాప్‌కాన్ పలక 22 శాతం పైన, థిన్‌ఫిల్మ్ పలక 19 చుట్టూ. "వేడి ప్రాంతాలకు థిన్‌ఫిల్మే మేలు" అనే మాట ఒకప్పుడు నిజం. ఇప్పుడు దాని మీద ఆధారపడి ఎవరూ డబ్బు పెట్టకూడదు. అదీగాక వేడి ప్రాంతాల్లో తమ పలకలు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువగా చెడుతున్నాయని ఫస్ట్ సోలారే 2012లో ఒప్పుకుని, వారంటీ నిధిని పెంచుకుంది. తర్వాత వచ్చిన పలకల్లో ఆ లోపాన్ని సరిదిద్దే మార్పులు చేశారు. అయినా 25 డిగ్రీల ప్రయోగశాలకూ ఎర్రటి ఎండకూ మధ్య దూరం ఎంతో ఆ అనుభవం చెప్పింది.

తేమ చేసే మేలు

ఇప్పుడు డెల్టాకే చెందిన సంగతి. ఎండ అంటే ఒకే రకం వెలుగు కాదు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఆ తర్వాత కంటికి కనపడని పరారుణం, అన్నీ కలిసి వస్తాయి. సిలికాన్ ఈ వరసలో 1100 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా వాడుకుంటుంది. కాడ్మియం టెల్యూరైడ్ 860 నానోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. సెలీనియం కలిపిన కొత్త రకాలు మరికాస్త ముందుకు వెళ్తాయి. ఎక్కువ వాడుకోగలగడం మామూలుగా సిలికాన్‌కు లాభమే.

అయితే గాలిలోని నీటి ఆవిరి సరిగ్గా ఆ పరారుణ భాగంలోనే ఎండను మింగేస్తుంది. 940 నానోమీటర్ల చుట్టూ ఒక పెద్ద గండి పడుతుంది. గాలిలో తేమ ఎంత ఎక్కువైతే గండి అంత లోతు. అది సిలికాన్ వాటాలోంచి పోయే వెలుగు. కాడ్మియం టెల్యూరైడ్‌కు ఆ వెలుగుతో పనే లేదు కాబట్టి నష్టమూ లేదు.

పలకల వాట్లు కొలిచేటప్పుడు వాడే ప్రామాణిక ఎండలో ఒక ఊహ దాగి ఉంటుంది. నెత్తి మీది గాలి స్తంభంలో ఉన్న ఆవిరినంతా నీరుగా మారిస్తే 1.42 సెంటీమీటర్ల మందం వస్తుందని ఆ ఊహ. సమశీతోష్ణ దేశపు పొడిగాలి అది. వానాకాలంలో మన తీరం మీద ఆ నీటి మందం 5, 6 సెంటీమీటర్లు ఉంటుంది. జూన్ దాటి నైరుతి పవనాలు పట్టాక, మచిలీపట్నం వైపునుంచి వచ్చే ఉక్కగాలికి ఒళ్ళంతా జిడ్డు కారుతుంటే, ఆ జిడ్డుకు కారణమైన ఆవిరే పలక మీద పడే ఎండ రంగులను కూడా మారుస్తోందన్నమాట. మబ్బు పట్టిన రోజు పరారుణం ఇంకా తగ్గి, నీలం వాటా పెరుగుతుంది. అదీ థిన్‌ఫిల్మ్‌కే అనుకూలం.

కాబట్టి ఒకే వాట్లు రాసి ఉన్న రెండు పలకలను పక్కపక్కన పెడితే రాజస్థాన్ ఎడారిలో ఇంచుమించు సమానంగా ఇచ్చేవి, కృష్ణా డెల్టాలో ఆగస్టులో సమానంగా ఇవ్వవు. థిన్‌ఫిల్మ్ కొన్ని శాతం ముందుంటుంది. వేడి లాభం కరిగిపోయాక మిగిలిన అసలైన భౌతిక లాభం ఇదే. ఎడారి కంటే డెల్టాకే ఈ సాంకేతికత ఎక్కువ నప్పుతుందన్న సంగతి మామూలుగా జనం అనుకునేదానికి తలకిందులు.

డాబా మీద ఎందుకు లేదు?

ఆ కొన్ని శాతం ఎంత విలువ? మన దగ్గర కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయని వ్యాపారులంతా చెప్పే మోటు లెక్క. 3 కిలోవాట్లకు ఏడాదికి 4,380 యూనిట్లు. తేమ లాభం ఏడాది సగటున 3 శాతం అనుకుందాం. 131 యూనిట్లు. మీ వాడకం నెలకు 226 నుంచి 400 యూనిట్ల శ్లాబులో ఉంటే యూనిట్ 8 రూపాయల 75 పైసలు, అంటే ఏడాదికి దాదాపు 1,150 రూపాయలు. వదులుకోదగ్గ డబ్బు కాదు. కానీ 3 కిలోవాట్ల ఏర్పాటు ఖర్చు లక్షల్లో ఉన్నప్పుడు, దాన్నిబట్టి నిర్ణయం మారేంత డబ్బూ కాదు.

చోటు లెక్క చూడండి. 3 కిలోవాట్లకు 22.5 శాతం సిలికాన్ పలకలైతే 16 గజాల పలక కావాలి. 19 శాతం థిన్‌ఫిల్మ్‌కు 19 గజాలు. పాత అమార్ఫస్ రకం 8 శాతం పలకలైతే 45 గజాలు పట్టేవి. వంద గజాల్లో ఇల్లు కట్టుకుని, పైన వాటర్ ట్యాంకు, మెట్ల గది, బట్టలారేసే తాళ్ళు పోను మిగిలిన డాబాలో 45 గజాలు దొరకవు. 19 గజాలు మాత్రం దొరుకుతాయి. చోటు ఇవాళ పెద్ద అడ్డంకి కాదని దీనర్థం.

అసలు అడ్డంకి మరోచోట ఉంది. థిన్‌ఫిల్మ్ పలకలను పెద్ద ప్లాంట్ల కోసం తీర్చిదిద్దారు. 260కి పైగా పట్టీలు వరసలో ఉండటం వల్ల ఒక్కో పలక 220 వోల్టుల దాకా ఇస్తుంది, కరెంటు మాత్రం రెండున్నర, మూడు ఆంపియర్లే. సిలికాన్ పలక 50 వోల్టులు, 14 ఆంపియర్లు. ఇళ్ళకు పెట్టే చిన్న ఇన్వర్టర్లలో చాలావాటికి గరిష్ఠం 600 వోల్టులు. అంటే రెండు థిన్‌ఫిల్మ్ పలకలు వరసలో కలపవచ్చు, మూడోది కలిపితే హద్దు దాటుతుంది. ఆరేడు పలకల కోసం మూడు నాలుగు జంటలు విడివిడిగా లాగి, మళ్ళీ సమాంతరంగా కలపాలి. తీగలు పెరుగుతాయి, కనెక్టర్లు పెరుగుతాయి, బిగించే అబ్బాయికి అలవాటు లేని పని అవుతుంది. 1500 వోల్టుల ఇన్వర్టర్లు వాడే వెయ్యి ఎకరాల ప్లాంటులో ఈ గొడవే ఉండదు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. పలకలు స్వదేశీవై ఉండాలి. ఫస్ట్ సోలార్‌కు చెన్నై దగ్గర 3.3 గిగావాట్ల ఫ్యాక్టరీ 2024 జనవరిలో ప్రారంభమైంది కాబట్టి స్వదేశీ థిన్‌ఫిల్మ్ అనేది ఇప్పుడు నిజంగా ఉంది, అదీ మన నాయుడుపేటకు రెండు మూడు గంటల దూరంలో. కానీ దాని సరుకు పెద్ద ప్లాంట్లకు, కొంత అమెరికాకు వెళ్తోంది. ఒక్క కంపెనీ చేతిలో, ఒక్క ఫ్యాక్టరీలో ఉన్న సాంకేతికత వీధి చివర దుకాణానికి రాదు. పాతికేళ్ళలో ఒక పలక పగిలితే అదే కొలత పలక మళ్ళీ దొరుకుతుందా అన్నది ఇంటాయన అడగవలసిన మొదటి ప్రశ్న. సిలికాన్‌లో కూడా కొలతలు మారుతున్నాయి గానీ, కనీసం అమ్మేవాళ్ళు పదిమంది ఉన్నారు.

రేకుల షెడ్లు, కాలువలు, చెరువులు

డెల్టాలో సిలికాన్‌కు నిజంగా కష్టమైన చోటు రేకుల షెడ్డు. జవహర్ ఆటోనగర్‌లో, ఊరూరా ఉన్న రైసుమిల్లుల్లో, గోదాముల్లో ఎకరాలకెకరాల కప్పు ఎండకు ఎండుతూ ఉంటుంది. గాజు, అల్యూమినియం చట్రంతో ఉన్న పలక చదరపు మీటరుకు 11, 12 కిలోలు, స్టాండు అదనం. పాత సిమెంటు రేకు మీద మనిషి కాలు పెట్టడానికే భయపడతాం, ఇక పలకలా? పలచని ఉక్కు రేకు మీదో ప్లాస్టిక్ మీదో పూసిన సీఐజీఎస్ పలకలైతే మూడు కిలోల లోపు ఉంటాయి. జిగురుతో అతికించవచ్చు. తుపాను గాలి కిందినుంచి దూరి పైకి లేపే ప్రమాదం కూడా తక్కువ. 1977 నవంబరు ఉప్పెన చూసిన దివిసీమ వాళ్ళకు గాలి బలం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

నప్పే చోటే గానీ నప్పే సరుకు కరువు. సీఐజీఎస్‌కు తేమ అంటే పడదు. గాజు కాకుండా ప్లాస్టిక్ కప్పు వేస్తే ఉప్పుగాలి మెల్లగా లోపలికి దిగుతుంది. తేమను గట్టిగా ఆపే ఫిల్ములు ఉన్నాయి, ధర ఎక్కువ. వాటిని తయారుచేసే కంపెనీలే ఒకటొకటిగా తగ్గిపోయాయి. మిల్లు యజమాని అయితే కప్పును బలపరిచి మామూలు పలకలు వేయడమే ఇప్పటికి తక్కువ ఖర్చు పని అని నా అభిప్రాయం.

కాలువల మీద పలకలు వేయాలన్న ఆలోచన డెల్టాలో తరచూ వినిపిస్తుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్యనుంచే పోతాయి కదా అని. గుజరాత్‌లో చంద్రాసన్ దగ్గర 2012లో 1 మెగావాట్‌తో దీనికి శ్రీకారం చుట్టారు. మన గోదావరి డెల్టాలో లోసరి కాలువ మీద 1 మెగావాట్ వచ్చింది. కాలువకు అడ్డంగా ఇనుప దూలాలు వేయాలి కాబట్టి ఇక్కడ ఇనుమే అసలు ఖర్చు. దూలం మీద ప్రతి గజమూ విలువైనదే అయినప్పుడు అత్యధిక సామర్థ్యం ఉన్న పలకనే ఎంచుకోవాలి. ఇది థిన్‌ఫిల్మ్ చోటు కాదు.

కైకలూరు, బంటుమిల్లి వైపు చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద పలకలు వేయవచ్చు. కానీ చెరువులో ఆక్సిజన్ అత్యల్పంగా ఉండేది తెల్లవారుజామున. ఏరియేటర్లు జోరుగా తిరగవలసిందీ అప్పుడే. పగటి కరెంటు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తీసుకోవాలి. ఆక్వా రైతుకు యూనిట్ రూపాయిన్నరకు ఇస్తున్నప్పుడు సొంత డబ్బుతో ఏ పలక పెట్టినా ఆయనకు గిట్టుబాటు కష్టమే.

చెరువుల దగ్గర కాడ్మియం అనే మాట వినగానే భయం పుడుతుంది, పుట్టాలి కూడా. లెక్క ఇది: మూడు మైక్రాన్ల పొరలో చదరపు మీటరుకు సుమారు 8 గ్రాముల కాడ్మియం ఉంటుంది. అది విడి లోహంగా కాక టెల్యూరియంతో గట్టిగా కట్టుబడి, వెయ్యి డిగ్రీలు దాటితేగాని కరగని, నీటిలో దాదాపు కరగని రూపంలో, రెండు గాజుల మధ్య ఉంటుంది. పలక ఒళ్ళు పగలనంతవరకు ప్రమాదం లేదు. పగిలి ఏళ్ళ తరబడి గట్టు మీద వానకు తడిస్తే మెల్లగా ఊరే అవకాశం ఉంది. సిలికాన్ పలకల అతుకుల్లో ఉండే సీసానికీ ఇదే వర్తిస్తుంది. 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లో సోలార్ పలకలను చేర్చారు. అయినా పాత ప్లాస్టిక్ డ్రమ్ములా పగిలిన పలకను గట్టు కింద పడేసే అలవాటు మన ఊళ్ళలో పోనంతవరకు, తాగునీటి చెరువుల మీద, చేపల చెరువుల మీద కాడ్మియం పలకలు వద్దనే నేనంటాను. పలకను తిరిగి తీసుకుని 90 శాతానికి పైగా పదార్థం వెలికితీసే ఏర్పాటు ఫస్ట్ సోలార్‌కు ఉంది. కాపలా ఉన్న పెద్ద ప్లాంటుకు అది సరిపోతుంది, చెల్లాచెదురుగా ఉన్న వందల చెరువులకు చాలదు.

టెల్యూరియం అడ్డు

కాడ్మియంతో పాటు ఆ పొరలో ఉండే టెల్యూరియం ప్రధానంగా రాగి శుద్ధిలో అడుగున మిగిలే బురదలోంచి వస్తుంది. దాని కోసమని గని తవ్వడం చాలా అరుదు. చదరపు మీటరుకు 9 గ్రాములు అనుకుంటే, 19 శాతం సామర్థ్యంతో ఒక గిగావాట్ పలకలకు 50 టన్నులు కావాలి. ప్రపంచమంతా కలిసి ఏడాదికి తీసేది వెయ్యి టన్నుల లోపే. మొత్తం పలకలకే ఇచ్చేసినా 20 గిగావాట్లు. భారతదేశం ఒక్కటే 2024లో 24 గిగావాట్ల పైచిలుకు సోలార్ పెట్టింది, ప్రపంచం దాదాపు 600. పొరను ఇంకా పలచన చేయవచ్చు, పాత పలకల్లోంచి తిరిగి తీయవచ్చు. అప్పుడు కూడా కాడ్మియం టెల్యూరైడ్ ఒక బలమైన చిన్న వాటాదారుగానే ఉంటుంది.

ఈ సంగతి ముందే గ్రహించి దొరికే మూలకాలతో పొర చేయాలని పట్టుబట్టిన వాళ్ళు మన దగ్గరే ఉన్నారు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో పి. జయరామరెడ్డి తరం నుంచి పలచని పొరల సెల్స్ మీద పని సాగుతోంది. అక్కడి కె.టి. రామకృష్ణారెడ్డి బృందం తగరం, గంధకం మాత్రమే ఉన్న టిన్ సల్ఫైడ్‌తో సెల్ చేసి 2006లో 1.3 శాతం సామర్థ్యం చూపించింది. అంకె చిన్నదే. కానీ ఆ పదార్థం మీద ప్రపంచవ్యాప్తంగా ఎంతోమంది పనిచేసినా ఇప్పటికీ 5 శాతం చుట్టూనే తచ్చాడుతున్నారని తెలిస్తే, తిరుపతిలో ఆ రోజు వేసిన అడుగు విలువ తెలుస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనాలయం సీఐజీఎస్ పొరల మీద పనిచేసింది.

థిన్‌ఫిల్మ్‌కు ఇప్పుడు కొత్త ప్రాణం పోస్తున్నది పెరోవ్‌స్కైట్ అనే పదార్థం. 2009లో జపాన్‌లో 3.8 శాతం సామర్థ్యంతో మొదలైంది, ఇవాళ ప్రయోగశాలలో 26 దాటింది. దీన్ని సిలికాన్‌కు పోటీగా కాక దాని నెత్తి మీదే పూస్తున్నారు. పై పొర నీలం, ఆకుపచ్చ వెలుగును పట్టుకుంటుంది, ఎరుపు, పరారుణం కిందికి వదిలేస్తుంది. ఈ జంట సెల్ 34 శాతం దాటింది. 2024 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ అలాంటి పలకల తొలి వ్యాపార సరుకును అమెరికాకు పంపింది. దీనికి శత్రువులు వేడి, తేమ. మనకున్నవి అవే. జంట పలకకు మరో చిక్కు కూడా ఉంది. పై పొర, కింది పొర వరసలో ఉంటాయి కాబట్టి రెండింటిలో ఏది తక్కువ కరెంటు ఇస్తే పలకంతా అంతకే దిగుతుంది. తేమ పరారుణాన్ని మింగితే కింది సిలికాన్ వెనకబడుతుంది. పొడి దేశపు ఎండకు సరితూచిన పలక, అవనిగడ్డ ఎండలో త్రాసు తప్పవచ్చు.

అందుకని నేను కోరేది పెద్ద ప్లాంటు కాదు, ఒక కొలత. జాతీయ సౌరశక్తి సంస్థ పరీక్షా క్షేత్రం గురుగ్రామ్‌లో ఉంది. ఆ గాలి వేరు, ఈ గాలి వేరు. బాపట్ల వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల లాంటి, సముద్రానికి దగ్గరగా ఉన్న చోట టాప్‌కాన్ పలకలు రెండు, కాడ్మియం టెల్యూరైడ్ రెండు, దొరికితే జంట పలకలు రెండు పక్కపక్కన పెట్టాలి. ఒక్కోదానికి విడి మీటరు, ఎండను రంగులవారీగా కొలిచే పరికరం ఒకటి, పలక వెనక ఉష్ణోగ్రత, గాలిలో తేమ. పలకల్లో సగాన్ని వారానికోసారి కడగాలి, సగాన్ని వానకు వదిలేయాలి. నిజంగా జనం డాబాల మీద జరిగేది రెండోదే కాబట్టి. ఒక వేసవి, రెండు వానాకాలాలు, వీలైతే ఒక తుపాను చూసి, నెలనెలా యూనిట్ల పట్టికను మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ బిల్లు కౌంటర్ల దగ్గర అంటించాలి.